ఉద్యోగానుభవ నిరూపణ (కెనడా నిపుణ కార్మికుల వలస)

ఉద్యోగానుభవ నిరూపణ అనగా, కెనడాలో నిపుణ కార్మికునిగా శాశ్వత నివాసం కోరే వ్యక్తి తాను చేసినట్లు చెప్పుకొన్న ఉద్యోగాన్ని పత్రాల ద్వారా రుజువు చేయడం. ఇందులో రుజువు కావలసినవి ముఖ్యంగా మూడు విషయాలు. ఆ ఉద్యోగం నిజంగా చేశారా, దానికి జీతం పుచ్చుకున్నారా, అక్కడ చేసిన పని దరఖాస్తులో పేర్కొన్న వృత్తికి సరిపోతుందా? మొదటి రెండింటికీ భారతదేశంలోని ఉద్యోగుల వద్ద సాధారణంగా కావలసినన్ని కాగితాలు ఉంటాయి. చిక్కంతా మూడవదానితోనే. ఎన్నో సంవత్సరాలు నిజాయితీగా పనిచేసిన వారి దరఖాస్తులు కూడా, పనిచేసిన సంస్థ ఇచ్చిన ఉత్తరంలో ఆ పని ఏమిటో రాయనందువల్ల తిరస్కరణకు గురవుతూ ఉంటాయి.

చరిత్ర

కెనడా 1967లో వలసదారుల ఎంపికకు పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టింది. పుట్టిన దేశాన్ని బట్టి కాక చదువు, వయస్సు, భాష, వృత్తి వంటి వాటిని బట్టి మనిషిని ఎంచుకోవడం దీని ఉద్దేశం. భారతీయుల వలసకు దారి విశాలమైనది ఆ తరువాతనే.

2002 జూన్ 28న అమలులోకి వచ్చిన వలస, శరణార్థుల రక్షణ చట్టం, దాని కింద చేసిన నిబంధనలు నేటి పద్ధతికి పునాది. అప్పటి పాయింట్ల పట్టికలో ఉద్యోగానుభవానికి గరిష్ఠంగా 21 పాయింట్లు ఉండేవి; నాలుగేళ్ళ అనుభవంతోనే అవి పూర్తిగా లభించేవి. 2013 మే నెలలో పట్టికను సవరించి ఈ గరిష్ఠాన్ని 15కు తగ్గించారు. ఆ పట్టిక ప్రకారం ఒక సంవత్సరం అనుభవానికి 9, రెండు మూడు సంవత్సరాలకు 11, నాలుగైదు సంవత్సరాలకు 13, ఆరు సంవత్సరాలు లేక అంతకు మించితే 15 పాయింట్లు. మొత్తం 100 పాయింట్లలో 67 వస్తే అర్హత. విదేశీ అనుభవానికి కెనడా యజమానులు అంతగా విలువ ఇవ్వడం లేదన్న అభిప్రాయం ఈ తగ్గింపునకు ఒక కారణం.

2015 జనవరి 1న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి ప్రారంభమైంది. ఇందులో అభ్యర్థి ముందుగా తన వివరాలను తానే నమోదు చేసుకుంటాడు. వాటి ఆధారంగా 1200కు లెక్కించే ర్యాంకు పాయింట్లు వస్తాయి. ఈ దశలో ఎవరూ ఉద్యోగ పత్రాలు అడగరు. ఎక్కువ పాయింట్లు ఉన్నవారికి దరఖాస్తు చేసుకొమ్మని ఆహ్వానం వస్తుంది; అప్పుడే పత్రాలు సమర్పించాలి. ఇందుకు గడువు మొదట 60 రోజులు ఉండగా, 2016 నవంబరులో 90 రోజులు చేసి, 2018 జూన్ నుండి తిరిగి 60 రోజులకు తగ్గించారు. ఈ క్రమం వల్ల ఒక ప్రమాదం ఏర్పడింది. చెప్పుకోవడం ముందు, రుజువు చేసుకోవడం తరువాత కావడంతో, ఆహ్వానం అందిన తరువాత పాత కంపెనీల చుట్టూ తిరగడం మొదలుపెట్టేవారే ఎక్కువ. చట్టంలోని 11.2 సెక్షను ప్రకారం, ఆహ్వానం వచ్చిన నాటికి ఏ అర్హతలు, ఏ పాయింట్లు ఉన్నాయని చెప్పారో అవి నిజంగా ఉండి తీరాలి. రెండు సంవత్సరాల అనుభవానికి రుజువు లేక ఆ పాయింట్లు తీసివేయగా మొత్తం కటాఫ్ కంటే తగ్గిపోతే, మిగతా అర్హతలన్నీ ఉన్నా వీసా ఇవ్వరు.

లెక్కలోకి వచ్చే అనుభవం

ఫెడరల్ నిపుణ కార్మికుల విభాగంలో, దరఖాస్తుకు ముందు పది సంవత్సరాల లోపల, తన ప్రధాన వృత్తిగా చూపిన వృత్తిలో కనీసం ఒక సంవత్సరం ఎడతెగకుండా జీతానికి పనిచేసి ఉండాలి. వారానికి 30 గంటల చొప్పున మొత్తం 1,560 గంటలను ఒక సంవత్సరంగా లెక్కిస్తారు. వారానికి 60 గంటలు పనిచేసినా 30 గంటలుగానే పరిగణిస్తారు కనుక, రాత్రింబవళ్ళు కష్టపడి ఆరు నెలలలో సంవత్సరం అనుభవం సంపాదించామనడం చెల్లదు. వారానికి 15 గంటల చొప్పున 24 నెలలు చేసిన పార్ట్‌టైము ఉద్యోగం మాత్రం ఒక సంవత్సరంతో సమానం. జీతం లేని సేవ, జీతం లేని ఇంటర్న్‌షిప్పు లెక్కలోకి రావు.

2008లో ఏర్పడిన కెనడియన్ అనుభవ విభాగంలో నియమాలు వేరు. అక్కడ గత మూడేళ్ళలో కెనడాలోనే చేసిన ఒక సంవత్సరం పని కావాలి. పూర్తికాల విద్యార్థిగా ఉంటూ చేసిన ఉద్యోగాన్ని, స్వయం ఉపాధిని అందులో లెక్కించరు. కెనడాలో చదువుకుంటూ దుకాణాలలో, హోటళ్ళలో పనిచేసే తెలుగు విద్యార్థులు ఈ తేడాను ముందే తెలుసుకోవడం మేలు.

జాతీయ వృత్తి వర్గీకరణ

కెనడాలో ఉన్న వృత్తులన్నింటికీ సంఖ్యలు ఇచ్చి, ఒక్కొక్క వృత్తిలో చేయవలసిన పనులను వివరించే పట్టిక జాతీయ వృత్తి వర్గీకరణ. దీనిని ఎన్.ఓ.సి. అని పిలుస్తారు. మన ఆఫీసులలో ఎన్.ఓ.సి. అంటే నిరభ్యంతర పత్రం. రెండింటికీ పేరులో తప్ప సంబంధం లేదు. 2022 నవంబరు 16 నుండి వలస దరఖాస్తులకు దీని 2021 సంచికను వాడుతున్నారు. అంతకు ముందు నాలుగంకెలుగా ఉన్న సంఖ్యలు ఇందులో అయిదంకెలు అయ్యాయి. వృత్తులను అవసరమైన చదువు, శిక్షణలను బట్టి టీర్ 0 నుండి టీర్ 5 వరకు ఆరు అంతస్తులుగా విభజించారు. నిపుణ కార్మికుల విభాగానికి 0 నుండి 3 వరకు ఉన్నవే పనికివస్తాయి.

అభ్యర్థి తన వృత్తి సంఖ్యను తానే ఎంచుకోవాలి. నిబంధనలలోని 75వ సెక్షను ఇక్కడ రెండు షరతులు పెడుతుంది. ఆ వృత్తి వివరణలోని తొలి వాక్యంలో చెప్పిన పని చేసి ఉండాలి. ఆ వృత్తికి రాసిన ముఖ్య విధులలో చాలా వాటిని, అత్యవసరమైన వాటిని అన్నింటినీ, నిర్వర్తించి ఉండాలి. హోదా పేరు గురించి ఇందులో ఒక్క మాట కూడా లేదు.

ఈ సంగతి గ్రహించడానికి వంటగది మంచి ఉదాహరణ. వంటవాడు టీర్ 3లో ఉంటాడు, అతని సంఖ్య 63200. కూరగాయలు కడిగి తరిగి, బల్లలు తుడిచే సహాయకుడు టీర్ 5లో ఉంటాడు, అతని సంఖ్య 65201. హోటలు యజమాని ఇచ్చిన కాగితంలో "కుక్" అని ఉన్నా, చేసిన పనుల జాబితాలో కడగడం, తరగడం, వడ్డించడం తప్ప వండటం కనిపించకపోతే అధికారి దానిని వంటవాని అనుభవంగా అంగీకరించడు.

సాఫ్టువేరు ఉద్యోగాలలో ఇబ్బంది మరో రకం. హైదరాబాదు, బెంగళూరు కంపెనీలలో "అసోసియేట్", "టెక్నికల్ స్టాఫ్ సభ్యుడు", "కన్సల్టెంటు", "టీమ్ లీడ్" వంటి హోదాలు జీతపు మెట్టును తెలుపుతాయే గాని పనిని తెలుపవు. కెనడా పట్టికలో మాత్రం సాఫ్టువేరు ఇంజనీర్లు, డిజైనర్లు (21231), సాఫ్టువేరు డెవలపర్లు, ప్రోగ్రామర్లు (21232), సమాచార వ్యవస్థల నిపుణులు (21222) వేరువేరు వృత్తులు. ఒకే అసోసియేట్ హోదాలో ఉన్న ముగ్గురు ఈ మూడింటికీ చెందవచ్చు.

తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన సందర్భం ఒకటి ఉపాధ్యాయ వృత్తిలో కనిపిస్తుంది. ఇక్కడ ఇంటర్మీడియెట్ బోధించేవారిని జూనియర్ లెక్చరర్లు అంటారు, విద్యాసంస్థను కళాశాల అంటారు. పేరును బట్టి చూస్తే వీరు కళాశాల అధ్యాపకుల వర్గంలోకి (41210) వస్తారనిపిస్తుంది. కాని ఇంటర్మీడియెట్ అంటే పదకొండు, పన్నెండు తరగతులు. కెనడాలో ఆ తరగతులు ఉన్నత పాఠశాలలోనే ఉంటాయి. కనుక చేసిన పనిని బట్టి వీరు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల వర్గానికి (41220) దగ్గరవారు. ఇంటర్మీడియెట్ అంటే ఏమిటో ఉత్తరంలో ఒక వాక్యం రాయించకపోతే, ఒటావాలోనో మరొక చోటనో కూర్చున్న అధికారికి అది తెలిసే అవకాశం తక్కువ.

యజమాని ఇచ్చే ఉత్తరం

నిరూపణకు ఆయువుపట్టు యజమాని ఇచ్చే రిఫరెన్సు లెటరు. కెనడా వలస శాఖ సూచనల ప్రకారం ఇది కంపెనీ లెటర్‌హెడ్డు మీద ముద్రించిన అధికారిక పత్రమై ఉండాలి. అందులో ఉద్యోగి పేరు, కంపెనీ చిరునామా, ఫోను, ఈమెయిలు, ఉద్యోగి పైఅధికారి లేక సిబ్బంది వ్యవహారాల అధికారి పేరు, హోదా, సంతకం ఉండాలి. ఆ కంపెనీలో ఉన్నంత కాలం నిర్వహించిన ప్రతి హోదా, వాటి తేదీలు, ఒక్కొక్క హోదాలో చేసిన విధులు, వారానికి పనిగంటలు, వార్షిక జీతం, ఇతర సదుపాయాలు కూడా రాయాలి. ఇంకా అదే ఉద్యోగంలో ఉంటే ఆ మాట తెలపాలి.

భారతదేశంలో ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సర్వీసు సర్టిఫికెట్టు, రిలీవింగు లెటరు ఇందుకు చాలవు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు ఫలానా హోదాలో పనిచేశాడు, ప్రవర్తన సంతృప్తికరం, భవిష్యత్తు బాగుండాలని కోరుతున్నాము అనే మూడు వాక్యాలతో అవి ముగుస్తాయి. 1946 నాటి పారిశ్రామిక ఉపాధి (స్థాయీ ఉత్తర్వులు) చట్టం కింద చేసిన నమూనా ఉత్తర్వులు శాశ్వత కార్మికునికి సర్వీసు సర్టిఫికెట్టు పొందే హక్కు ఇచ్చాయి గాని, అందులో విధుల వివరం ఉండాలని చెప్పలేదు. పెద్ద కంపెనీలలో ఈ సర్టిఫికెట్టు నమూనాను కంప్యూటరులో ముందే తయారుచేసి ఉంచుతారు. దానికి ఒక్క వాక్యం చేర్చమన్నా సిబ్బంది విభాగం ఒప్పుకోకపోవడం మామూలే.

అటువంటప్పుడు రెండు ఉత్తరాల పద్ధతి ఉపయోగపడుతుంది. తేదీలు, హోదా, జీతం గల సర్టిఫికెట్టును సిబ్బంది విభాగం నుండి, విధుల వివరం గల ఉత్తరాన్ని ప్రత్యక్ష పైఅధికారి నుండి తీసుకోవచ్చు. పైఅధికారి కూడా కంపెనీ లెటర్‌హెడ్డు వాడలేని స్థితిలో ఉంటే, ఆయన నోటరీ ముందు ప్రమాణపత్రం ఇవ్వవచ్చు. అయితే ఆయన ఆ కంపెనీలో ఆ కాలంలో ఉన్నట్లు చూపే కాగితం కూడా జతపరచాలి. స్టాంపు కాగితం మీద టైపు చేయించి నోటరీ ముద్ర వేయిస్తే ఏదైనా రుజువైపోతుందన్న నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉన్నది. సంతకం పెట్టినది ఫలానా మనిషే అన్నంత వరకే నోటరీ ముద్ర సాక్ష్యం; రాసిన విషయం నిజమనడానికి అది సాక్ష్యం కాదు.

విధులను రాయించుకునేటప్పుడు జరిగే పొరపాట్లలో పెద్దది ఎన్.ఓ.సి. పట్టికలోని వాక్యాలను ఉన్నవి ఉన్నట్లు ఎక్కించడం. సరిగ్గా సరిపోవాలన్న ఆత్రుతతో చేసే పని ఇది. అధికారులు మాత్రం ఇటువంటి ఉత్తరాలను అనుమానంతో చూస్తారు, వాటికి తక్కువ విలువ ఇస్తారు. ఏ యంత్రం మీద, ఏ ప్రోగ్రామింగు భాషలో, ఏ తరగతికి, ఎంతమంది రోగుల వార్డులో పనిచేశారో చెప్పే సొంత మాటల ఉత్తరం, పట్టికలోని పదాలు తక్కువగా ఉన్నా, ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

బలపరచే ఇతర పత్రాలు

ఉత్తరంలోని తేదీలను, జీతాన్ని బలపరచేవి నియామక పత్రం, పదోన్నతి పత్రాలు, పే స్లిప్పులు, ఫారం 16లు, బ్యాంకు ఖాతా వివరాలు, ప్రావిడెంటు ఫండు పాసుబుక్కు. 2014లో ప్రావిడెంటు ఫండు సంస్థ ప్రతి సభ్యునికి ఒకే శాశ్వత సంఖ్యను (యు.ఎ.ఎన్.) ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత, ఒక వ్యక్తి ఏ ఏ యజమానుల వద్ద ఎప్పటి నుండి ఎప్పటి వరకు చందా కట్టాడో ఒకేచోట కనిపిస్తుంది. నిజాయితీపరునికి ఇది మంచి సాక్షి.

చిన్న ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయుల పరిస్థితి అంత సుఖంగా ఉండదు. జీతం చేతికి నగదుగా ఇస్తారు. పే స్లిప్పు ఉండదు, ప్రావిడెంటు ఫండు ఉండదు. వారి వద్ద ఉండేవి హాజరుపట్టీ నకలు, టైమ్‌టేబులు, పరీక్షల విధులకు వచ్చిన ఉత్తర్వులు వంటివి. ఇవి ఒక్కొక్కటి బలహీనమైనవే అయినా, అన్నీ ఒకే కథ చెబితే కొంత బలం వస్తుంది. ఎందుకు మిగతా కాగితాలు లేవో ఒక వివరణ లేఖలో దాచకుండా రాయడం ఇటువంటి వారికి తప్పనిసరి.

స్వయం ఉపాధి వారు తమకు తాము విధుల జాబితా రాసి సంతకం చేసి ఇస్తే చెల్లదు, దానిని ప్రమాణపత్రంగా మార్చినా చెల్లదు. వ్యాపారం తమదే అనడానికి రిజిస్ట్రేషను పత్రాలు, ఆదాయపు రుజువులు, ఏ సేవ చేశారో, ఎంత చెల్లించారో తెలిపే ఖాతాదారుల పత్రాలు కావాలి.

ఇంగ్లీషు లేక ఫ్రెంచి కాని భాషలో ఉన్న పత్రాలకు అనువాదం జతచేయాలి. తెలుగులో ఉన్న పంచాయతీ, పాఠశాల పత్రాలకూ, గల్ఫు దేశాల యజమానులు అరబ్బీలో ఇచ్చిన పత్రాలకూ ఇది వర్తిస్తుంది. అభ్యర్థి గాని, ఆయన కుటుంబ సభ్యులు గాని చేసిన అనువాదాన్ని అంగీకరించరు.

పేర్లు, తేదీలు, చిరునామాలు

తెలుగువారు ఇంటిపేరును ముందు పెట్టి, తరచుగా దానిని ఒక్క పొడి అక్షరానికి కుదించి రాస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు వేరువేరు గళ్ళలో పూర్తిగా ఉంటాయి. కంపెనీ ఉత్తరంలో "కె. వి. రావు" అనీ, పాస్‌పోర్టులో రెండు గళ్ళలో నాలుగు పదాలూ ఉంటే, ఇద్దరూ ఒకరే అని నిరూపించే భారం అభ్యర్థి మీద పడుతుంది. ఉత్తరాన్ని పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే రాయించుకోవడం దీనికి తేలికైన మందు. పెళ్ళి తరువాత ఇంటిపేరు మారిన స్త్రీలు వివాహ ధ్రువపత్రం జతచేయాలి.

తేదీలు మరో తంటా. 04-05-2018 అంటే మనకు మే 4. ఉత్తర అమెరికాలో చాలామందికి అది ఏప్రిల్ 5. నెలను అక్షరాలలో రాయిస్తే సరిపోతుంది.

2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా ఏర్పడిన తరువాత హైదరాబాదు కంపెనీల చిరునామాలో ఆంధ్రప్రదేశ్ బదులు తెలంగాణ వచ్చింది. పాత నియామక పత్రంలో ఒక రాష్ట్రం, తరువాతి ఉత్తరంలో మరొక రాష్ట్రం కనిపిస్తే విదేశీ అధికారి అవి రెండు వేరు కార్యాలయాలనుకోవచ్చు. కంపెనీలు విలీనం కావడం కూడా ఇటువంటిదే. 1987లో హైదరాబాదులో స్థాపించిన సత్యం కంప్యూటర్స్, 2009 జనవరిలో లెక్కల మోసం బయటపడిన తరువాత చేతులు మారి, 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది. అటువంటి సంస్థలో పనిచేసిన వారి నియామక పత్రం ఒక పేరుతో, అనుభవ పత్రం మరొక పేరుతో ఉండటం సహజం. విలీనాన్ని తెలిపే బహిరంగ పత్రం ఒకటి జతపరిస్తే సందేహం తీరుతుంది.

అధికారి పరిశీలన

రుజువు భారం పూర్తిగా అభ్యర్థిదే. చట్టంలోని 16వ సెక్షను ప్రకారం అతడు అడిగిన వాటికి నిజం చెప్పాలి, సంబంధిత సాక్ష్యాలన్నీ చూపాలి. పత్రాలలో లోటు ఉంటే అధికారి ఉత్తరం రాసి అడగవలసిన అవసరం లేదు. ఉన్నవాటిని బట్టి నిర్ణయం చేయవచ్చు. ఈ విషయంలో ఫెడరల్ కోర్టు 2006లో హస్సానీ కేసులో చెప్పిన తేడా తరచుగా ఉదహరింపబడుతున్నది. చట్టం కోరిన అర్హతకు సాక్ష్యం చాలకపోతే అభ్యర్థిని హెచ్చరించనక్కరలేదు. కాని ఇచ్చిన పత్రం నిజమైనదేనా, చెప్పిన మాట నమ్మదగినదేనా అన్న అనుమానం కలిగితే, ఆ అనుమానాన్ని తెలిపి సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. రెండవ సందర్భంలో వచ్చేదే న్యాయప్రక్రియ లేఖ. ఇది వచ్చినవారు భయపడి ఊరుకోకుండా, గడువులోగా ఆధారాలతో జవాబివ్వాలి.

అధికారులు ఉత్తరంలోని ఫోను నంబరుకు, ఈమెయిలుకు విచారణ చేయవచ్చు. గతంలో పర్యాటక వీసాకో, విద్యార్థి వీసాకో నింపిన ఫారాలలో ఉన్న ఉద్యోగ వివరాలతో ఇప్పటి వివరాలను పోల్చి చూస్తారు. ఏజెంటు నింపిన పాత ఫారంలో ఏముందో అభ్యర్థికే గుర్తులేకపోవడం వల్ల వచ్చే వైరుధ్యాలు తక్కువేమీ కావు.

తప్పుడు వివరాలు

చట్టంలోని 40వ సెక్షను ప్రకారం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినా, దాచినా అభ్యర్థి అయిదు సంవత్సరాల పాటు కెనడా ప్రవేశానికి అనర్హుడవుతాడు. 2014 నవంబరుకు ముందు ఇది రెండు సంవత్సరాలు ఉండేది. శాశ్వత నివాసం లభించిన తరువాత బయటపడినా ఈ సెక్షను వర్తిస్తుంది. హైదరాబాదులో నకిలీ అనుభవ పత్రాలు తయారుచేసి అమ్మే ముఠాలను పోలీసులు పలుమార్లు అరెస్టు చేశారు. పేరుకు మాత్రమే ఉన్న కంపెనీ నుండి మూడేళ్ళ అనుభవం కొనుక్కున్న వారికి ఆ మూడేళ్ళ ప్రావిడెంటు ఫండు గాని, పన్ను లెక్కలు గాని, బ్యాంకులో జీతం గాని సాధారణంగా ఉండవు. ఏజెంటు చేశాడు, నాకు తెలియదు అన్న సమాధానం సాధారణంగా నిలబడదు. సంతకం ఎవరిదో బాధ్యత వారిదే.

తిరస్కరణ తరువాత

తిరస్కరణపై ఫెడరల్ కోర్టులో న్యాయసమీక్ష కోరవచ్చు. నిర్ణయం కెనడా వెలుపల జరిగితే 60 రోజులలో, లోపల జరిగితే 15 రోజులలో, ముందుగా కోర్టు అనుమతి కోసం దరఖాస్తు చేయాలి. కోర్టు తానుగా వీసా ఇవ్వదు. అధికారి నిర్ణయం సహేతుకమా, పద్ధతి న్యాయంగా ఉన్నదా అని మాత్రమే చూస్తుంది. 2019లో కెనడా సుప్రీంకోర్టు ఇచ్చిన వావిలోవ్ తీర్పు ఈ పరిశీలనకు ఇప్పటి ప్రమాణం. అభ్యర్థి గెలిస్తే దరఖాస్తు మరొక అధికారి వద్దకు తిరిగి వెళుతుంది. అధికారి ముందు పెట్టని ఉత్తరాన్ని కోర్టులో కొత్తగా చూపి లాభం ఉండదు. అందువలన చాలామంది సరైన ఉత్తరం సంపాదించి, మళ్ళీ మొదటి నుండి దరఖాస్తు చేయడమే మేలనుకుంటారు. ఈలోగా వయస్సు పెరిగి ర్యాంకు పాయింట్లు తగ్గుతాయి. ముప్పయ్యవ పుట్టినరోజు నుండి ఏటేటా ఈ తరుగు మొదలవుతుంది.

ఇతర దేశాలలో

ఆస్ట్రేలియాలో అనుభవాన్ని ముందుగా ఆయా వృత్తి సంఘాలు మదింపు చేస్తాయి. కంప్యూటరు వృత్తులకు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, ఇంజనీర్లకు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా ఈ పని చేస్తాయి. అమెరికాలో ఉద్యోగం ఆధారంగా గ్రీన్ కార్డు కోరేటప్పుడు పాత యజమాని పేరు, చిరునామా, హోదా, చేసిన పని వివరం గల ఉత్తరాలు అడుగుతారు. అవి దొరకకపోతే ఇతర సాక్ష్యాలను పరిశీలించే వీలు నిబంధనలలోనే ఉన్నది. హెచ్-1బి వీసాకు మూడు సంవత్సరాల ఉద్యోగానుభవాన్ని ఒక సంవత్సరం కళాశాల చదువుతో సమానంగా లెక్కించే నియమం ఉంది. మూడేళ్ళ బి.ఎస్సీ., బి.కాం. డిగ్రీలు గల భారతీయులు ఆ లోటును పూరించుకోవడానికి ఈ నియమాన్ని వాడుకుంటారు. అక్కడ కూడా ఆ మూడేళ్ళ పని ఏమిటో విడమరచి రాసిన ఉత్తరం కావలసిందే.